ఆంగ్లో-సాక్సన్ కాలంలో ఎథెల్‌ఫ్లెడ్ నిజంగా రాజ్యం ఏలిందా, పేరుకేనా?

రాణి అనే బిరుదు కూడా లేదు కదా, దక్షిణ ఇంగ్లండ్‌లోని వెసెక్స్‌కు రాజులైన తండ్రి ఆల్‌ఫ్రెడ్, తమ్ముడు ఎడ్వర్డ్ చాటున నడిచిందేమో అని మీ అనుమానం. కాదండీ, నిజంగానే ఏలింది. 911లో భర్త పోయినప్పటి నుంచి 918లో తను పోయేదాకా ఇంగ్లండ్ నడిమి భాగంలోని మెర్సియా రాజ్యం ఆమె చేతిలోనే ఉంది. రికార్డులు ఆమెను 'మెర్సియన్ల హ్లాఫ్‌డిగె' అంటాయి. ఇప్పటి 'లేడీ' అన్న మాట అందులోంచి వచ్చిందే. మొదట్లో దానర్థం రొట్టెకు పిండి కలిపే ఆమె అని!

మేం బర్మింగ్‌హామ్‌లో ఉన్నప్పుడు ఓ శనివారం రైలెక్కి టామ్‌వర్త్ వెళ్లాం. కోట దిబ్బ కింద 1913లో పెట్టిన ఆమె విగ్రహం ఉంది. ఒక చేతిలో కత్తి, రెండో చెయ్యి పక్కనున్న పిల్లాడి చుట్టూ. కొడుకేమో అనుకున్నాను. కాదు, మేనల్లుడు ఏథెల్‌స్టాన్. తర్వాత ఇంగ్లండ్ మొత్తానికి రాజైనవాడు. మేనత్త దగ్గరే పెరిగాడని 12వ శతాబ్దపు చరిత్రకారుడొకరు రాశారు.

ఆ ఊరికి 913లో కోట కట్టించింది ఆమే. అదే ఏడాది స్టాఫర్డ్, మరుసటి ఏడాది వార్విక్, 915లో రంకార్న్. డేన్లు (డెన్మార్క్ నుంచి వచ్చిన వైకింగులు), నార్వే వాళ్లు ఎటునుంచి వచ్చినా జనం లోపలికి వెళ్లి తలదాచుకోవాలి, అక్కడి నుంచే ఎదురుదాడీ చెయ్యాలి. అటు తమ్ముడు కూడా తన వైపు ఇలాగే కోటలు కట్టుకుంటూ వచ్చాడు. ఇద్దరూ కలిసి డేన్లను బిగించారు.

917లో డేన్ల చేతిలో ఉన్న డెర్బీని పట్టుకుంది. ఈ విజయం గురించి రాసినవాళ్లు అక్కడితో ఆగలేదు. ఆమెకు ఎంతో ఇష్టమైన నలుగురు అనుచరులు కోట గుమ్మాల లోపలే చనిపోయారని కూడా రాశారు. అంత క్లుప్తమైన రికార్డులో ఆ ఒక్క ముక్క చదివితే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మరుసటి ఏడాది లెస్టర్ యుద్ధం లేకుండానే లొంగింది. యార్క్ జనం కూడా నీ మాటే వింటామని ప్రమాణం చేశారు. అంతలోనే, జూన్ 12న, టామ్‌వర్త్‌లో కన్నుమూసింది.

గ్లోస్టర్‌లో సెయింట్ ఓస్వాల్డ్స్ ప్రయరీ అనే క్రైస్తవ మఠంలో భర్తతో పాటు ఆమెనూ పాతిపెట్టారు. ఇప్పుడక్కడ ఇళ్ల మధ్య ఓ పాత గోడ, కొన్ని కమానులు మాత్రమే ఉన్నాయి. మా అమ్మాయి అక్కడ నిలబడి, "తర్వాత ఈవిడ కూతురు ఏలిందా?" అని అడిగింది. కూతురు ఎల్ఫ్‌విన్‌కు తల్లి స్థానం దక్కిన మాట నిజమే. కానీ అట్టే కాలం గడవకముందే, క్రిస్మస్‌కు మూడు వారాల ముందు, అధికారమంతా లాగేసుకుని ఆమెను వెసెక్స్‌కు తీసుకెళ్లిపోయారు. చేయించింది సొంత మేనమామ ఎడ్వర్డే. ఆ అమ్మాయి ఆ తర్వాత ఏమైందో ఆ రికార్డులో ఒక్క మాట కూడా లేదు.