సంక్రాంతి సెలవులు అయిపోయినా మా అమ్మాయి బడికి వెళ్లనంటోంది

ప్రశ్న: మాది పాత శ్రీకాకుళం జిల్లా. మా అమ్మాయి డీఎడ్ చేసి 2025 మెగా డీఎస్సీలో ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా ఎంపికైంది. అక్టోబరులో చేరింది. బడి కొండల కింద ఊళ్లో ఉంది. ఇంటి నుంచి రెండు బస్సులు మారి వెళ్లాలి. ఇద్దరే టీచర్లు. సీనియర్ మాస్టారు 4, 5 తరగతులు తాను ఉంచుకుని 1, 2, 3 ఈమెకు ఇచ్చారు. ఆ మూడు తరగతుల్లో 24 మంది, వారిలో ఎనిమిది మంది సవర గిరిజన పిల్లలు. ఎవరూ మాట వినరని, కొందరైతే అసలు నోరే విప్పరని, తనకు పాఠం చెప్పడం రాదని ఏడుస్తోంది. బెత్తం పట్టుకోమన్నాను, వినదు. సంక్రాంతికి వచ్చినది మళ్లీ వెళ్లనంటోంది. రాజీనామా చేసి గ్రూప్స్‌కి చదువుతానంటోంది. టెట్‌లోనూ డీఎస్సీలోనూ అంత మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల ఇలా ఎందుకైంది? మానేయనివ్వాలా, నచ్చజెప్పి పంపాలా? — ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే మానేయనివ్వకండి. అలాగని నచ్చజెప్పి పంపినా ప్రయోజనం లేదు. ధైర్యం చెప్పడం ఆమెకు మూడు నెలలుగా జరుగుతూనే ఉంది కదా. ఆమెకు కావలసింది వేరే. తన తరగతిలోకి వచ్చి, ఒక పూట కూర్చుని, ఎక్కడ తాడు తెగుతోందో చూసి చెప్పే ఒక మనిషి కావాలి.

ముందు మార్కుల సంగతి తేల్చుకుందాం. 16,347 పోస్టులకు ప్రకటన వచ్చిన డీఎస్సీలో నెగ్గడం చిన్న విషయం కాదు. అయితే ఆ పరీక్ష, పిల్లల ఎదుగుదలను దశలుగా విడదీసిన మనస్తత్వవేత్త పియాజే ఏ దశకు ఏ పేరు పెట్టాడని అడుగుతుంది. ఒకటో తరగతి పిల్ల అమ్మ కావాలని గేటు వైపు పరుగెత్తుతూ, రెండో తరగతిలో ఇద్దరు పెన్సిలు ముక్క కోసం కొట్టుకుంటూ, మూడో తరగతి వాళ్లు "టీచర్, అయిపోయింది" అని ముక్తకంఠంతో అరుస్తున్నప్పుడు ముందు ఎటు తిరగాలో అడగదు. డీఎడ్‌లో టీచింగ్ ప్రాక్టీసు చేసింది కదా అంటారేమో. ఆ రోజుల్లో తరగతి వెనుక అసలు టీచరు కూర్చుని ఉంటారు. పిల్లలు కుదురుగా ఉన్నది ఆవిడను చూసి. అది తన పాఠం మహిమేనని అభ్యర్థి అనుకుంటుంది. వెనుక కుర్చీ ఖాళీ అయ్యాకే సంగతి తెలిసొస్తుంది.

ఇది మీ అమ్మాయి ఒక్కదాని కష్టమూ కాదు, మన దేశపు కష్టమూ కాదు. సైమన్ వీన్‌మన్ అనే డచ్ పరిశోధకుడు అనేక దేశాల్లో కొత్త టీచర్ల మీద జరిగిన అధ్యయనాలను 1984లో ఒకచోట చేర్చి చూశాడు. వారు చెప్పుకున్న కష్టాల్లో మొదటి స్థానం తరగతిని అదుపులో ఉంచడానిదే. ఇంగ్లండులో 2021 నుంచి కొత్త టీచరుకు రెండేళ్లపాటు ఒక మెంటార్‌ను, అంటే దగ్గరుండి దారి చూపే టీచరును ఇస్తున్నారు. మొదటి ఏడాది బోధన సమయంలో పదో వంతు తగ్గిస్తారు కూడా. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. కొత్తగా వచ్చినవారికే ఒకటో తరగతి అప్పజెబుతాం. బడిలో అన్నిటికంటే ఒడుపు కావలసిన తరగతి అది. దాన్ని అన్నిటికంటే తక్కువ అనుభవం ఉన్న మనిషి చేతిలో పెట్టి, పైగా "చిన్నపిల్లలే కదా" అంటాం. ఆ మాస్టారిని తప్పుపట్టడం లేదు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకూ అదే జరిగి ఉంటుంది.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ బడిలో పనిచేశాను. మొదటి ఏడాది ఏడో తరగతి. దసరా నాటికి గొంతు పోయింది. మిరియాల కషాయం తాగుతూ అరిచేదాన్ని. ఒకరోజు పక్క గదిలోని లెక్కల టీచరు, రిటైర్మెంటుకు దగ్గర పడినావిడ, తనకు ఖాళీ పిరియడ్ ఉంటే వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. పది నిమిషాలు చూసి లేచి వెళ్లిపోయారు. సాయంత్రం ఒక్క మాటే అన్నారు: "బోర్డు మీద రాసేటప్పుడు నువ్వు పిల్లలకు పూర్తిగా వీపు తిప్పేస్తున్నావమ్మా. పక్కకు తిరిగి నిలబడి రెండు లైన్లు రాయి, ఆగి చూడు, మళ్లీ రాయి. ఎక్కువ రాయవలసి ఉంటే ఇంటర్వెల్‌లోనే రాసిపెట్టుకో." గోల అంతా నేను వెనక్కి తిరిగిన ఆ రెండు మూడు నిమిషాల్లో మొదలవుతోందని నాకు తట్టనే లేదు. నా స్వభావంలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ఆవిడ నా స్వభావం జోలికే వెళ్లలేదు. నేను నిలబడే తీరు మార్చారు, అంతే.

మీ అమ్మాయికి అలాంటి మనిషిని వెతకాలి. జాతీయ విద్యా విధానం టీచర్లకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంటుంది. మెంటార్ల కోసం జాతీయ స్థాయిలో ఒక మిషన్ కూడా పెట్టారు. అవి ఆ ఊరి గుమ్మం దాకా వచ్చేసరికి మార్చి దాటిపోవచ్చు. అందుబాటులో ఉన్నది స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. అక్కడికి చుట్టుపక్కల బడుల టీచర్లందరూ వస్తారు. వారిలో పది పదిహేనేళ్లుగా ఒకటి, రెండు తరగతులు చెబుతున్న ఎస్‌జీటీ ఒకరైనా ఉంటారు. ఆవిడను పట్టుకోమనండి. "నాకు సలహాలు ఇవ్వండి" అని అడగవద్దు. అలా అడిగితే ఓపిక పట్టమని చెప్పి పంపుతారు. "ప్రార్థన అయ్యాక మీ తరగతిలో మొదటి అరగంట ఎలా నడుస్తుందో చూడాలి, ఒక పూట వచ్చి కూర్చోవచ్చా?" అని అడగాలి. ఆ పూట అనుమతి కోసం సీనియర్ మాస్టారితోను, కాంప్లెక్స్ హెడ్మాస్టరుతోను ముందే మాట్లాడుకోవాలి. ఇలా అడిగితే కాదనేవారిని నేను పెద్దగా చూడలేదు. తరువాత ఆవిడనూ తన బడికి ఒకసారి రమ్మనాలి. వచ్చేది తనిఖీ అధికారి కాకూడదు. రిపోర్టు రాసే మనిషి ముందు ఎవరూ తమ తప్పు చూపించుకోరు.

అక్కడ ఏం గమనించాలి? ఒక్క టీచరు ఒకే గదిలో మూడు తరగతులకు ఒకే రోజు మూడేసి పాఠాలు విడివిడిగా చెప్పడం సాధ్యం కాదు. బహుశా మీ అమ్మాయి అదే చేయబోయి అలసిపోతోంది. అనుభవం ఉన్నవాళ్లు అలా చేయరు. ఒక గుంపు తనంతట తాను చేసుకునే పనిలో ఉంటుంది, ఒక గుంపును తెలిసిన పిల్ల చూసుకుంటుంది, టీచరు మూడో గుంపు దగ్గర నేల మీద కూర్చుంటుంది. ఈ గుంపులు కూడా తరగతుల ప్రకారం ఉండవు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ వరుసగా చదివిస్తే ఎవరు ఎక్కడ ఆగుతున్నారో తెలుస్తుంది. మనిషికి నాలుగైదు నిమిషాలు, 24 మందికి మూడు నాలుగు రోజులు. మూడో తరగతిలో అక్షరాల దగ్గరే ఆగిన పిల్లాడు ఉంటాడు, రెండో తరగతిలో కథ చదివేసే పిల్ల ఉంటుంది. గోల చేసేది చాలావరకు ఈ రెండు కొసల వాళ్లే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వారు ఇలాంటి చిన్న బడుల కోసమే పాఠాలను కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా అమర్చారు. ప్రతి పిల్లా తన మెట్టు నుంచి తన వేగంతో ఎక్కుతుంది. తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకి వెళ్లిన కృత్యాధార బోధనకు, అంటే పిల్లలతో పనులు చేయిస్తూ నేర్పే పద్ధతికి మూలం అదే. మీ అమ్మాయి అంత పెద్ద ఏర్పాటు ఇప్పుడే చేయనక్కరలేదు. అట్టముక్కల మీద పదాలు రాసుకుని మొదలుపెడితే చాలు.

నోరు విప్పని పిల్లల సంగతి. ఆ ఎనిమిది మంది సవర పిల్లలే నోరు విప్పడం లేదేమో ఒకసారి అడిగి చూడండి. ఇంట్లో సవర మాట్లాడే అయిదేళ్ల పిల్లకు బడి తెలుగు పరాయి భాష. మనలో చాలామంది మొదటిసారి ఇంగ్లీషు మీడియం గదిలో కూర్చున్న రోజు ఎలా ఉన్నామో గుర్తుచేసుకుంటే చాలు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల బోధన మొదలుపెట్టింది ఇందుకే. మీ అమ్మాయికి సవర రాకపోతే మధ్యాహ్న భోజనం వండే ఆవిడనో, అయిదో తరగతి సవర పిల్లనో అడిగి నీళ్లు, ఆకలి, రా, కూర్చో, బాగుంది లాంటి మాటలు పాతిక నేర్చుకోమనండి. టీచరమ్మ తమ మాటను తప్పుగా పలికితే పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వాలి. ఆమెను సరిదిద్దడానికైనా నోరు తెరుస్తారు.

బెత్తం విషయంలో మీ అమ్మాయిదే సరైన దారి. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అతిక్రమిస్తే శాఖాపరమైన చర్య ఉంటుంది. ప్రొబేషన్‌లో ఉన్న పిల్లకు మీరు ఇచ్చిన సలహాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదేనండీ, క్షమించండి.

ఇక మీరు చేయగలిగినవి. రెండు బస్సులు మారి వెళ్లి రావడం మానిపించండి. పొద్దున్నే స్టాండులో నిలబడి, సాయంత్రం చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి రేపటి పనికి అట్టముక్కలు కత్తిరించుకునే ఓపిక ఎక్కడిది? బడికి దగ్గరి మండల కేంద్రంలో గది తీసుకుని, మరో టీచరుతో కలిసి ఉండేలా చూడండి. మొదటి రెండు నెలల అద్దె మీరు ఇచ్చినా దానికి మించిన సాయం లేదు. ఫోనులో "సర్కారు కొలువమ్మా, నిలుపుకో" అనవద్దు, "వచ్చేయమ్మా" అని కూడా అనవద్దు. ఎవరో ఒక పిల్లాడి పేరు గుర్తుపెట్టుకుని వాడి గురించి అడగండి. హాజరు యాప్ పనిచేయలేదని, గుడ్ల లెక్క తేలలేదని విసుక్కుంటే విసుక్కోనివ్వండి. దానికి పరిష్కారం మీ దగ్గర లేదు, ఆమె అడగడమూ లేదు.

రాజీనామా మాట ఏప్రిల్ చివర బడులు మూసేదాకా ఎత్తవద్దని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. నా లెక్క ఇది: ఆమె చేరేసరికి బడి తెరిచి నాలుగు నెలలు అయింది. పిల్లలకు అప్పటికే వేరొకరి పద్ధతి అలవాటైంది. వచ్చే జూన్ 12న గది తలుపు తానే తీస్తుంది, మొదటి రోజు నుంచి అలవాట్లు తానే వేస్తుంది. ఆ తేడా చూడకుండా తనకు పాఠం చెప్పడం రాదని తీర్పు ఇచ్చుకోవడం తొందరపాటు. అది చూశాక కూడా, వచ్చే దసరా నాటికి కూడా, పొద్దున లేవగానే బడి పేరు చెబితే కడుపులో తిప్పుతుంటే మానేయనివ్వండి, నలుగురికి సంజాయిషీలు ఇవ్వకండి. గ్రూప్స్‌కి అప్పుడు చదువుకోవచ్చు. ఉద్యోగంలో ఉంటూ కూడా కొంత చదవవచ్చు. కానీ ఓటమి నుంచి పారిపోతూ పట్టిన పుస్తకం ఎక్కువ కాలం చేతిలో నిలవదని నా అనుభవం.

ఒక్క మినహాయింపు. నిద్ర పట్టకపోవడం, అన్నం మానేయడం, బతుకు మీద విరక్తి మాటలు ఇప్పుడు కనిపిస్తున్నాయా? అలా అయితే ఏప్రిల్ దాకా ఆగవద్దు. సెలవు పెట్టించి డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఎప్పుడు ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు.

అవేమీ లేకపోతే సోమవారం బస్సు ఎక్కించండి. మీరూ వెంట వెళ్లండి. బడి లోపలికి మాత్రం వెళ్లవద్దు. మండల కేంద్రంలో దిగిపోయి గది వెతకండి.