ఆ బంగారం ఇంట్లో లేదని ఆయనకెలా చెప్పను?

మేముండేది విజయవాడ సింగ్‌నగర్‌లో. మా వారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రి. జీతం 34 వేలు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, నెలకు ఏడు వేల దాకా వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు ఫ్రిజ్, మోటారు, నా కుట్టు మిషన్, మంచాలు, అన్నీ పోయాయి. ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు బండి రిపేరుకీ మంచాలకీ అయిపోయాయి. మిగతావాటికి నా నాలుగు గాజులు, నానుతాడు, మొత్తం ఎనిమిది కాసుల బంగారం తాకట్టు పెట్టి 1,80,000 తెచ్చాను. మా వారికి మాత్రం చీటీ పాడానని చెప్పాను. నిజానికి చీటీలు వేసే ఆవిడ ఆ నెల డబ్బే ఇవ్వలేదు, ఇప్పటికి సగం ఇచ్చింది. బంగారం తెనాలిలో మా అమ్మ దగ్గర ఉందని ఆయన అనుకుంటున్నారు. పోయిన వేసవిలో మా అత్తగారు జారిపడి తుంటి విరిగితే, ఆపరేషన్‌కి ఆయన స్నేహితుడి దగ్గర లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు.

మా అమ్మాయికి పదమూడేళ్లు. శ్రావణంలో ఓణీల ఫంక్షన్ చేద్దామంటున్నారు. మా బావగారు వాళ్ల అమ్మాయికి ఏసీ హాల్లో, డ్రోన్ కెమెరాతో చేశారు. మనమూ 500 మందిని పిలవాలని మా వారి పట్టుదల. ఖర్చు నాలుగు లక్షల పైమాటే. "మీ అమ్మ దగ్గరున్న బంగారం బ్యాంకులో పెడదాం, ఫంక్షన్ అయ్యాక చదివింపులతో విడిపిద్దాం" అంటున్నారు. మా గృహప్రవేశం నాటి చదివింపుల పుస్తకం వరదలో తడిస్తే ఒక్కో పేజీ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకున్న మనిషి ఆయన. అన్నయ్యను అడిగి గుట్టుగా బంగారం విడిపించనా? అసలు ఫంక్షనే వద్దని పోట్లాడనా? పక్కింటి అమ్మాయి లోన్ యాప్ ఉందంటోంది. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి, విజయవాడ

అమ్మా,

మీ వారిది పట్టుదల అని రాశారు. నాకైతే ఆయన తనకు తెలిసిన లెక్క ప్రకారమే నడుచుకుంటున్నారనిపిస్తోంది. ఆయన ఎరిగినంతలో ఇంటికి ఒక్క లక్ష అప్పుంది, అత్తవారింట్లో ఎనిమిది కాసుల బంగారం ఉంది, ఇన్నేళ్లుగా తాను నలుగురికీ పెట్టిన చదివింపులు రావలసి ఉన్నాయి. ఇంత ధైర్యం ఉన్న తండ్రి హాలు బుక్ చేస్తానంటే ఆశ్చర్యం ఏముంది? ఆ లెక్కలో సగం అంకెలు మీ దగ్గర ఆగిపోయాయి. అవి ఆయన చేతికి అందకుండా ఫంక్షన్ గురించి ఎంత వాదించినా, మీరు పుట్టింటి బంగారం ఇవ్వడానికి వెనకాడుతున్నారనే ఆయనకు అర్థమవుతుంది.

అన్నయ్యను అడగడం గురించి. ఆయన సర్ది, మీరు విడిపించి తెచ్చారనుకుందాం. మీ వారు ఏం చేస్తారు? అనుకున్నట్టే దాన్ని బ్యాంకులో పెట్టి ఫంక్షన్‌కి డబ్బు తెస్తారు. అంటే అదే బంగారం మీద మీ ఇంటికి రెండు అప్పులు. ఒకటి బ్యాంకుకి, రెండోది మీ అన్నయ్యకి. పైగా దాచవలసిన మనుషుల సంఖ్య ఒకటి పెరిగింది. రేపు మేనమామగా ఓణీ, పట్టుబట్టలు, సారె తేవలసింది కూడా ఆయనే. వదినగారికి తెలియకుండా లక్షా ఎనభై వేలు ఇవ్వగలరా? ఆమెకు తెలిస్తే మీ వారికి తెలియడానికి ఎంతసేపు? ఇక లోన్ యాప్ సంగతి. దాని జోలికి వెళ్లవద్దు. వాయిదా ఒక్కరోజు దాటితే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్స్ చేసి పరువు తీసే యాప్‌లు ఎన్నో ఉన్నాయి. మీరు దాచాలనుకున్నది వాళ్లే మీ బావగారికి చెప్పేస్తారు.

కాబట్టి చెప్పాలి. ఎలా అన్నది మాట్లాడుకుందాం.

షెడ్డు నుంచి అలసి వచ్చిన రాత్రి వద్దు. అత్తగారు, అమ్మాయి వినేచోట అసలే వద్దు. సెలవు రోజున ఏదో వంకతో ఇద్దరూ బయటికి వెళ్లండి, పున్నమి ఘాట్ వైపు వెళ్లినా సరే. తాకట్టు రసీదు వెంట తీసుకెళ్లండి. డొంకతిరుగుడు లేకుండా మొదలుపెట్టండి: "వరదప్పుడు మీకు ఒక అబద్ధం చెప్పాను. చీటీ డబ్బు రాలేదు. బంగారం తాకట్టు పెట్టి సామాను కొన్నాను. అప్పటికే మీరు కుంగిపోయి ఉన్నారని చెప్పలేకపోయాను. ఇదిగో రసీదు." అంతే. ఆ డబ్బు మీ నగలకో చీరలకో ఖర్చవలేదు. ఆయన రోజూ నీళ్లు పట్టుకుంటున్న మోటారు, అమ్మాయి జాకెట్టు కుట్టిన మిషన్ అందులోంచే వచ్చాయి. ఆ మాట మీరు ఎత్తకపోయినా ఆయనకు తడుతుంది.

కోపం వస్తుంది. డబ్బు పోయినందుకు కాదు, ఇంతకాలం తనకు చెప్పనందుకు. ఆ కోపానికి ఎదురు సమాధానం వెతక్కండి. "మీ అన్నయ్య గొప్పలకు పోయి కాదూ" అన్న మాట మాత్రం నోరు జారనివ్వకండి, ఆ ఒక్క మాటతో తప్పంతా ఫంక్షన్ మీదికి, అక్కణ్నుంచి వాళ్ల వైపు వాళ్ల మీదికి మళ్లుతుంది. నా సలహా అడిగితే, ఆ రోజు ఓణీల ఫంక్షన్ ప్రస్తావనే తేవద్దు. "ఫంక్షన్ ఆపడానికే ఇప్పుడు చెప్తోంది" అని ఆయనకు అనిపించకూడదు. నాలుగు రోజులు పోనివ్వండి. ఆయనే మళ్లీ ఎత్తుతారు.

అప్పుడు కాగితం మీద లెక్క వేయండి. బంగారం అప్పు రసీదులో వడ్డీ ఎంతుందో చూడండి, రూపాయి వడ్డీ అనుకుంటే నెలకు 1,800. స్నేహితుడికి నెలకు 2,000. రెండు రూపాయలంటే వినడానికి చిన్నది, ఏడాదికి అది నూటికి 24. అంటే ఇప్పటికే మీ ఇద్దరి 41 వేల సంపాదనలో 3,800 వడ్డీకి పోతున్నాయి, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. ఫంక్షన్‌కి నాలుగు లక్షలు బయట తెస్తే దాని వడ్డీ ఒక్కటే నెలకు 8,000. మొత్తం 11,800. ఫీజులు, అత్తగారి మందులు, కరెంటు బిల్లు మిగతా దాంట్లో సర్దుకోవాలి. ఈ అంకెలు మీరు చెప్పకండి, ఆయన చేతే రాయించండి. మేస్త్రికి కొలతలు, కొటేషన్లు మీకంటే నాకంటే బాగా తెలుసు.

"చదివింపులు వస్తాయి కదా" అంటారు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్నో ఇళ్లను ముంచేది ఈ ఆశే. పుస్తకం ఆరబెట్టుకున్నందుకు ఆయన్ని ఎగతాళి చేయకండి. అందులో ఎవరు మన గడప తొక్కారు, ఎవరి గడప మనం తొక్కాలి అన్న లెక్కంతా ఉంది. ఆయన పరువూ అందులోనే ఉంది. అయితే ఆ పుస్తకాన్నే తీసి చూపించండి. గృహప్రవేశానికి ఎంత ఖర్చయింది, ఎంత వచ్చింది? సగమైనా వచ్చిందా? ఎక్కువ మొత్తాలు ఎవరివి? నేను చూసిన ఇళ్లలో మేనమామలు, బాబాయిలు, అక్కచెల్లెళ్లు, ప్రాణస్నేహితులు, ఓ ముప్పై నలభై కుటుంబాల దగ్గరే బరువంతా ఉంటుంది. మిగతావాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి 516 చదివించి వెళ్తారు. ప్లేటు 350 చొప్పున ముగ్గురి భోజనం 1,050. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, పిలిచింది మనం.

ఇంకో సంగతి. చదివింపులు వడ్డీ లేని అప్పు. మనం పెట్టింది తిరిగి వచ్చిందనుకుంటే సరే, కొత్తగా వచ్చిన ప్రతి 1,116 కూ మనం మళ్లీ పెట్టాలి, అదీ కాస్త పెంచి. ఎప్పుడు పెట్టాలో మన చేతిలో లేదు. మాఘంలో ఒకేవారం నాలుగు శుభలేఖలు వస్తాయి. అలాంటి డబ్బుతో రెండు నెలల్లో తాకట్టు విడిపిస్తామనడం కుదిరే పని కాదు.

అంతమాత్రాన ఫంక్షనే వద్దని నేననను. తండ్రికి ఒక్కగానొక్క ముచ్చట, అత్తగారి ఆశ, మేనమామ ఓణీ తెచ్చే రోజు. చేయండి. ఆ ముప్పై నలభై కుటుంబాలను పిలవండి, నూట ఇరవై మందికి మించకుండా. హాలు బదులు మీ వీధిలో షామియానా, లేదా గుడి దగ్గర చిన్న హాలు. ప్లేటు లెక్కన కేటరింగ్‌కి ఇవ్వకుండా వంట మేస్త్రిని పెట్టుకుని సరుకులు మీరే తెచ్చుకుంటే తేడా తెలుస్తుంది. బట్టలకు షోరూముల చుట్టూ తిరగకుండా వన్‌టౌన్ వస్త్రలత వైపో, మంగళగిరికో వెళ్లిరండి. జాకెట్లు కుట్టే చెయ్యి ఇంట్లోనే ఉంది. మొత్తం ఎంతలో చేయాలో ముందు అనుకుని, ఆ డబ్బులో సగమైనా చేతిలో ఉన్నాకే ముహూర్తం పెట్టించండి. శ్రావణానికి కుదరకపోతే మాఘం ఎక్కడికీ పోదు. మీ వారు అన్నగారి ముందు చిన్నబోకుండా చెప్పడానికి నిజమైన కారణమే ఉంది: "అమ్మ తుంటి ఆపరేషన్ అయ్యింది, హాల్లో అంతసేపు కూర్చోలేదు, అందుకే ఇంటి దగ్గరే చేస్తున్నాం." ఈ మాట ఆయన నోటితో చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

మీ ఉత్తరమంతా చదివాను, ఆ పిల్ల ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. పదమూడేళ్ల అమ్మాయికి పట్టు లంగా ఓణీ ఇష్టం కావచ్చు. వీధి చివర తన ఫొటోతో ఫ్లెక్సీ కట్టడం, క్లాసు అబ్బాయిలు దాన్ని చూడటం ఇష్టమేనా? ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. తను ఏం చెప్పినా దాన్ని మీ వారితో వాదనలో ఆయుధం చేసుకోకండి. తననే నాన్నతో చెప్పుకోమనండి.

ఇక బంగారం. నా సలహా మీకు నచ్చకపోవచ్చు. నాలుగు గాజుల్లో రెండు అమ్మి తాకట్టు తీర్చేయండి. మీరు పెట్టిన 2024 సెప్టెంబరులో 24 క్యారెట్ల బంగారం పది గ్రాములు 75 వేలకు అటూ ఇటూగా ఉండేది, 2025లో లక్ష దాటింది. ఆ రోజు రేటు, తరుగు చూసుకుంటే రెండు గాజులతో అసలు, వడ్డీ రెండూ తీరవచ్చు. మిగిలిన రెండు గాజులు, నానుతాడు అమ్మాయికి ఉంటాయి. ధర పెరిగింది కనుక అదే బంగారం మీద ఇంకా అప్పిస్తామని మెసేజ్‌లు వస్తుంటాయి, వాటికి లొంగకండి. విడిపించడానికి కొద్దిరోజులు చేబదులు కావాలంటే, అది మీ వారికి తెలిసి, గాజులు అమ్మిన రోజే తీర్చేలా మాత్రమే తీసుకోండి. రసీదు మీద గడువు తేదీ చూశారా? గడువు దాటితే వేలం వేస్తారు, దానికి ముందు మీకు నోటీసు ఇచ్చి తీరాలి. పూర్తిగా కట్టేశాక 7 పనిదినాల లోపు నగలు చేతికివ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు నిబంధన పెట్టింది.

నెలనెలా 1,800 వడ్డీ మిగిలితే అది స్నేహితుడి లక్ష అసలుకు జమ చేయండి. చీటీ ఆవిడ ఇవ్వాల్సింది ఎంతో, ఎప్పటిలోగా ఇస్తుందో రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఇకమీదట రిజిస్టరు కాని చీటీ ఎంత తెలిసినవాళ్లు వేసినా వద్దు.

అత్తగారికి 70 నిండితే ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం వర్తించే ఆయుష్మాన్ కార్డు గురించి, మీ కుటుంబానికి ఎన్టీఆర్ వైద్య సేవ గురించి సచివాలయంలో కనుక్కోండి. మళ్లీ ఆసుపత్రి అవసరం పడితే అది ఆ జాబితాలో ఉందో లేదో చేర్చకముందే అడగండి. మీ ఇల్లున్న చోటికి నీళ్లు మళ్లీ రావన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు కనుక, భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా ప్రీమియం ఎంతవుతుందో ఏదైనా సాధారణ బీమా ఆఫీసులో అడగండి. వరద నష్టం అందులో వస్తుంది, ఇంట్లో సామాను కూడా. పోస్టాఫీసు ఆర్‌డీ నెలకు 100 నుంచే కట్టవచ్చు. ఒకటి మీ కుట్టుకూలీలోంచి మీ పేరున మొదలుపెట్టండి, పాస్‌బుక్ మాత్రం మీ వారికి కనిపించే చోట ఉంచండి.

అన్నయ్యకు ఫోన్ చేయడం మీ వారితో మాట్లాడాకే. అప్పుడు కూడా ఆయన్ని అడగవలసింది డబ్బు కాదు, ఓణీ ఎంతలో తేగలరన్నది.