ఫ్రాన్స్ వైన్ యాత్ర: ప్యాకేజీకి ఏడు లక్షలు పెట్టాలా?

ప్రశ్న: మేము హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. నేను లెక్చరర్‌ని, మావారు ఫార్మా కంపెనీలో చేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 1.40 లక్షలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు, ఇంటి ఖర్చు 60 వేలు, సిప్‌లు 15 వేలు. ఎఫ్‌డీలు 7.5 లక్షలున్నాయి. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు మావారి బోనస్‌తో వెళ్లిపోతుంది. 2026 మే 20కి మా పెళ్లయి పాతికేళ్లు. నాకు రెడ్ వైన్ ఇష్టం. నాసిక్ వెళ్లి ద్రాక్షతోటలు చూసొచ్చాక ఫ్రాన్స్ వెళ్లాలన్న కోరిక ఇంకా పెరిగింది. మావారు తాగరు గానీ తోడు వస్తానన్నారు. ఒక టూర్ కంపెనీ ఫ్రాన్స్‌లో రెడ్ వైన్‌కు పేరున్న బోర్డోకి 8 రాత్రుల ‘వైన్ టేస్టింగ్ హాలిడే’ ఇద్దరికీ 6.8 లక్షలు చెప్పింది. ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు, లేదంటే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. ఆదివారంలోగా తేల్చమంటున్నారు. స్టాఫ్‌రూమ్‌లో కొందరు షాంపేన్ ప్రాంతానికి వెళ్లమంటున్నారు. ఏది ఎంచుకోవాలి? ఏడాదిపాటు సిప్ ఆపేయవచ్చా? అక్కడి మంచి వైన్ కొని దాచుకుంటే పెట్టుబడిగా పనికొస్తుందా?

జవాబు: వెళ్లండి. పాతికేళ్ల కాపురానికి ఒక మంచి ప్రయాణం దండగ ఖర్చేం కాదు. నాసిక్ చూసొచ్చారు కాబట్టి ఇది ఫొటోలు చూసి పుట్టిన మోజు కాదని కూడా తెలుస్తోంది. నాకున్న అభ్యంతరమల్లా ఆ ప్యాకేజీ మీదే.

మీరు పంపిన బ్రోషర్ చదివాను. మొదటి పేజీలో ‘ఐదు ప్రఖ్యాత షాటోలు’ అని పెద్దక్షరాల్లో ఉంది. షాటో అంటే అక్కడ సొంత ద్రాక్షతోటతో వైన్ తయారుచేసే ఎస్టేట్. నాలుగో పేజీలో రోజువారీ వివరాలకు వచ్చేసరికి మూడింటి పక్కన ‘ఫొటో స్టాప్’ అని చిన్నక్షరాల్లో రాశారు. అంటే గేటు ముందు వ్యాన్ ఆపుతారు, మీరు దిగి ఫొటో తీసుకుంటారు, మళ్లీ ఎక్కేస్తారు. లోపలికి వెళ్లి రుచి చూసేది రెండు చోట్లే. ఆ మూడు పేర్లూ 1855 నాటి జాబితాలో ఉన్నవి. ఆ ఏడాది పారిస్ ప్రదర్శన కోసం ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అడిగితే బోర్డో బ్రోకర్లు తయారుచేసిన వర్గీకరణ అది. ఏ షాటో వైన్ మార్కెట్లో ఎంత పలుకుతోందన్నదే వాళ్లకు కొలమానం. డబ్బు సలహాలిచ్చే నా వృత్తి దృష్టితో చూస్తే అదొక ధరల పట్టిక! ఆ తర్వాత అందులో జరిగిన మార్పులు బహు స్వల్పం. 1973లో ముటాన్ రోత్‌షిల్డ్‌ను రెండో శ్రేణి నుంచి మొదటి శ్రేణికి ఎక్కించడమే చెప్పుకోదగ్గది. ఆ పేర్ల కోసం డబ్బు పెట్టదలిస్తే లోపల గ్లాసు చేతికందాలి గానీ గేటు చూసి రావడమేమిటి?

ఇక లెక్క చూద్దాం. 6.8 లక్షల మీద 5 శాతం జీఎస్‌టీ 34 వేలు. మొత్తం 7.14 లక్షలు. దీనిమీద టీసీఎస్ ఉంటుంది, అంటే టూర్ కంపెనీ ముందే వసూలు చేసి మీ పేరిట ప్రభుత్వానికి కట్టే పన్ను. 2025–26 ఆర్థిక సంవత్సరంలో విదేశీ టూర్ ప్యాకేజీలకు 10 లక్షల దాకా అది 5 శాతంగా ఉండేది. మీకు దాదాపు 35,700. దీన్ని పోయిన డబ్బుగా లెక్కేయకండి. ఎవరి పాన్ మీద కడితే వాళ్లు రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ వివరాలు తెలిపే ఫారం ఇస్తే ఆఫీసువాళ్లే జీతంలో కోసే టీడీఎస్ ఆమేరకు తగ్గిస్తారు. కానీ చేతిలోంచి మాత్రం ముందే పోతుంది. ఏడున్నర లక్షలు సిద్ధంగా ఉండాలన్నమాట.

నో కాస్ట్ ఈఎంఐ అన్నారు. ఒకేసారి కట్టేవాళ్లకు 34 వేలు తగ్గిస్తున్నప్పుడు, వాయిదాల్లో కట్టేవాళ్లు ఆ 34 వేలు వదులుకుంటున్నట్టే. అదే వడ్డీ. పైన ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్‌టీ. పైగా నెలకు 57 వేలు వాయిదా పడుతుంది. అన్ని ఖర్చులూ పోను మీకు మిగిలేది 27 వేలు. కుదరదు. ఆదివారం గడువు గురించి టెన్షన్ పడకండి. బోర్డో ఎక్కడికీ పోదు.

ఎక్కడికెళ్లాలన్న సంగతి. మీ స్టాఫ్‌రూమ్ సలహాలో న్యాయం ఉంది. డబ్బుపరంగా షాంపేన్ అన్నిటికన్నా తేలిక. పారిస్‌లో రైలెక్కితే ముప్పావుగంటలో రీమ్స్. పెద్ద కంపెనీల సెల్లార్లు ఊళ్లోనే ఉన్నాయి, సుద్దరాయిలో తొలిచిన లోతైన గుహలు. ఫ్రాన్స్ రాజుల పట్టాభిషేకాలు జరిగిన కెథెడ్రల్ కూడా అక్కడే ఉంది. పారిస్‌లో మకాం పెట్టి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయవచ్చు. కానీ మీ ఇష్టం రెడ్ వైన్. బుడగల వైన్ కోసం అంత దూరం వెళ్లి మీరు రాజీ పడటం దేనికి? ఫ్రాన్స్‌లోనే ఉన్న బర్గండీ ప్రాంతంలో రెడ్ అద్భుతమే గానీ, అక్కడివి చిన్నచిన్న కమతాలు, చిన్న రైతులు, ముందే మాట్లాడుకోకపోతే తలుపు తీయరు. పేరున్న సీసా ధర వింటే గుండె ఆగుతుంది. మొదటిసారికి బోర్డోనే సరి. అయితే బోర్డో నగరంలో మకాం పెట్టి రైలు మీద తిరగండి.

2017 నుంచి పారిస్–బోర్డో హైస్పీడ్ రైలు టీజీవీ రెండు గంటల పైచిలుకులో చేరుస్తోంది. బోర్డో నుంచి సెయింట్ ఎమిలియన్‌కు లోకల్ రైలు ఉంది, ముప్పావుగంట కూడా పట్టదు. స్టేషన్లో దిగి తోటల మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే ఊరు. 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఊళ్లోనే రుచి చూపించే దుకాణాలు, సెల్లార్లు ఉంటాయి. కొండరాయిని లోపలికి తొలిచి కట్టిన చర్చి ఉంది, మీవారికి అది నచ్చుతుంది. బోర్డో పక్కనున్న మెడాక్ ప్రాంతంలో మాత్రం షాటోలు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఒక రోజు మినీవ్యాన్ టూర్ కొనుక్కోండి. ఆ రోజుకు మాత్రం ప్యాకేజీ మంచిదే, ‘లోపల టేస్టింగ్ ఎన్ని చోట్ల’ అని అడిగి కట్టండి.

మీవారు తాగరు కాబట్టి కారు తీసుకుంటే డ్రైవర్ కలిసొస్తాడని మీరనుకోవచ్చు. అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. గేర్లు లేని కారుకు అద్దె ఎక్కువ, డిపాజిట్ కింద క్రెడిట్ కార్డులో పెద్ద మొత్తం బ్లాక్ చేస్తారు. పెళ్లిరోజున ఆయనకు ఆ శిక్ష వేయకండి. మీరే నడపాలనుకుంటే అసలొద్దు, రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ చేరితే చాలు, కేసు. టేస్టింగ్ టికెట్లు కూడా కొన్నిచోట్ల ఆయనకు కొనక్కర్లేకపోవచ్చు, బుక్ చేసేటప్పుడే ఒకరే రుచి చూస్తారని రాయండి. మీరు కూడా ప్రతి గ్లాసూ మింగాల్సిన పనిలేదు. ఉమ్మడానికి పాత్ర పెడతారు, అక్కడ తెలిసినవాళ్లు చేసే పని అదే.

నా అంచనా ఇది. యూరోకు 105 రూపాయలు వేశాను. విమానం ఇద్దరికీ లక్షన్నర. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, సెంటర్ ఛార్జీలతో కలిపి ఇద్దరికీ 24 వేలు. ఇన్సూరెన్స్ 4 వేలు, కవరేజీ కనీసం 30 వేల యూరోలు ఉండాలన్నది నిబంధన. పారిస్‌లో మూడు రాత్రులు, బోర్డోలో ఐదు రాత్రులు కలిపి బస 1.05 లక్షలు. రైళ్లు 25 వేలు, ముందే కొంటే. తిండి 71 వేలు. టేస్టింగులు, మెడాక్ టూర్, బోర్డోలో 2016లో తెరిచిన వైన్ మ్యూజియం సితే ద్యు వాన్ టికెట్లు కలిపి 42 వేలు. ఊళ్లో తిరగడానికి 15 వేలు, సీసాలకు 10 వేలు. మొత్తం నాలుగున్నర లక్షల లోపే. విమానం, హోటల్ విడివిడిగా కొంటే అది టూర్ ప్యాకేజీ కాదు, కాబట్టి పైన చెప్పిన ప్యాకేజీ టీసీఎస్ పడదు. ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ కరెన్సీ ముందే నింపుకునే కార్డులో, వేసుకునే సొమ్ముకు 10 లక్షల దాకా టీసీఎస్ లేదు.

బోర్డోలో హోటల్ బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూడండి. రోజుకొక పూట ఇంట్లో వండుకుంటే తిండి ఖర్చు చాలా తగ్గుతుంది. నెయ్యి డబ్బా, పాలకోవా మాత్రం పెట్టెలో పెట్టకండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు.

ఇప్పుడు ఈ నాలుగున్నర ఎక్కడిది? మీ ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 98 వేలు. ఆరు నెలలకు దాదాపు 6 లక్షలు. ఎఫ్‌డీల్లో అంత సొమ్ము అత్యవసర నిధి, దాన్ని ముట్టుకోవద్దు. మిగిలిన లక్షన్నర విమానం టికెట్లకు. ఈ నెల నుంచే 25 వేల చొప్పున 12 నెలల ఆర్‌డీ తెరవండి, మూడు లక్షలవుతాయి. ఏడాదిలో కావలసిన డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్‌లో పెట్టొద్దు. మీ దగ్గర నెలకు ఇంకో 2 వేలే మిగులుతాయి. ఇరుకుగానే ఉంటుంది. దసరా, దీపావళి షాపింగ్ ఈసారి తగ్గించుకోవాల్సిందే.

సిప్ ఆపొద్దు. ఏడాది ఆపితే 1.8 లక్షలు. ఏటా 11 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే పదిహేనేళ్లకు ఎనిమిది లక్షల పైమాటే. పై లెక్కలో సిప్ జోలికి వెళ్లకుండానే పని జరుగుతోంది.

తేదీల సంగతి జాగ్రత్త. ఫ్రాన్స్‌లో మే నిండా సెలవులే. 2026లో మే 1, 8, 14, 25 తేదీలు సెలవులు. మే 16న దిగి 24న బయల్దేరండి, మధ్య వారంలో సెలవు లేదు. మీ 20వ తేదీ బుధవారం పడింది, సెయింట్ ఎమిలియన్ ఆ రోజు పెట్టుకోండి. శనాదివారాల్లో మూసే షాటోలు చాలా ఉంటాయి కాబట్టి బోర్డో సోమవారం నుంచి శనివారం దాకా, ముందూ వెనకా పారిస్. కోతలు చూడాలని సెప్టెంబరుకు వాయిదా వేస్తారేమో. కోతల్లో అందరూ పనిలో మునిగి ఉంటారు, సందర్శకులను రానివ్వని చోట్లు కూడా ఉంటాయి.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. వేసవి రద్దీకి ముందే ఫిబ్రవరిలో ముగించండి. బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. చివరి వారంలో ఎవరి దగ్గరో లక్షలు తెచ్చి ఖాతాలో వేసి చూపిస్తే అనుమానిస్తారు, మీ జీతాలు, ఆర్‌డీ ఉన్నదున్నట్టు చూపితే చాలు. వీసా చేతికొచ్చేదాకా క్యాన్సిల్ చేసుకోగల హోటళ్లే బుక్ చేయండి.

అక్కడ మామూలు క్రెడిట్ కార్డు గీకితే 3.5 శాతం దాకా మార్కప్, అంటే కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే ఛార్జీ, దానిమీద 18 శాతం జీఎస్‌టీ. లక్షకు నాలుగు వేల పైనే ఎగిరిపోతుంది. ఫారెక్స్ కార్డు తీసుకోండి. బిల్లు కట్టేటప్పుడు మెషీన్ మీద ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని వస్తే యూరో నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లిష్టమొచ్చిన రేటు వేస్తారు.

చివరిగా పెట్టుబడి మాట. పనికిరాదు. దాచే వైన్‌కు ఏడాది పొడవునా చల్లటి, ఒకే తీరు ఉష్ణోగ్రత కావాలి, మన మే నెల ఎండల్లో ఫ్లాట్‌లో అది అయ్యే పని కాదు. ఒకవేళ దాచినా అమ్మేదెవరికి? లైసెన్స్ లేకుండా మద్యం అమ్మడం నేరం. పైగా తెచ్చుకోగలిగేదే తక్కువ. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండైతే లీటరున్నర, మూడోది పెడితే పరిమితి దాటుతుంది. మీవారు తాగకపోయినా ఆయన వాటా ఆయనకుంటుంది కాబట్టి ఇద్దరికీ కలిపి నాలుగు సీసాలు. చెక్‌ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి, బిల్లులు మాత్రం చేతిసంచిలో ఉంచుకోండి.