కార్తీక్‌కు, చక్రాలు కొనే ముందు

చిరంజీవి కార్తీక్‌ను బాబాయ్ ఆశీర్వదించి రాయునది.

నీ సైకిలుకి కొందామని నువ్వు పంపిన మూడు వీల్‌సెట్ల, అంటే ముందూ వెనకా చక్రాల జతల, ఫోటోలూ చూశాను. అందులో రెండు నీ బండికి అసలు ఎక్కవు. అవి డిస్క్ బ్రేకువి, అంటే చక్రం మధ్యలో హబ్బుకున్న పళ్ళేన్ని బ్రేకు పట్టేవి. నీది చక్రం చుట్టూ ఉండే రిమ్మునే పట్టే రిమ్ బ్రేకు బండి. ధర చూసి ఆ సంగతి గమనించలేదనుకుంటా. కాబట్టి ధర, బరువు కాసేపు పక్కన పెట్టు. ముందు కొలతలు చూద్దాం.

నీ ఫ్రేములో వెనక చక్రం కూర్చునే సందు 130 మిల్లీమీటర్లు, ముందు ఫోర్కులో 100. రెండిటికీ చేత్తో మీట తిప్పి తీసే సన్నటి క్విక్ రిలీజ్ కడ్డీలే. ఇప్పటి డిస్క్ రోడ్ బైకుల్లో 12 మి.మీ. త్రూ యాక్సిల్, అంటే ఫ్రేములోంచి దూర్చి బిగించే లావు ఇరుసు, వెనక సందు 142. ఆ చక్రాన్ని నీ ఫ్రేములో పెట్టే దారి లేదు. పైగా డిస్క్ రిమ్ముకి బ్రేకు ప్యాడ్ పట్టే పక్క గోడే ఉండదు. అడాప్టర్ ఉందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

తర్వాత ఫ్రీహబ్, అంటే వెనక హబ్బులో గేరు పళ్ళ చక్రాల గుత్తి (క్యాసెట్) ఎక్కే భాగం. నీది షిమానో వాళ్ళ తొమ్మిది గేర్ల సోరా. ఇప్పుడు దొరికే మంచి రోడ్ హబ్బులు చాలా వరకు షిమానో పదకొండు గేర్ల బాడీతో వస్తున్నాయి. అది పాతదానికంటే 1.85 మి.మీ. పొడుగు. దాని మీద నీ క్యాసెట్ బిగించాలంటే వెనక అంతే మందం స్పేసర్ రింగు వెయ్యాలి. వెయ్యకపోతే లాక్‌రింగ్ ఎంత బిగించినా క్యాసెట్ ఊగుతూనే ఉంటుంది. చక్రంతో పాటు ఆ రింగు ఇస్తున్నారో లేదో అడుగు. రేపు షిమానోలోనే పై రకమైన 105కి మారితే రింగు తీసేస్తే సరిపోతుంది. ఎస్‌రామ్ కంపెనీ ఎక్స్‌డీఆర్ రకం బాడీ ఉన్నవి ఎంత తక్కువకి వచ్చినా వద్దు, నీ క్యాసెట్ వాటి మీద కూర్చోదు.

రిమ్ము లోపలి వెడల్పు 17 నుంచి 19 మి.మీ. మధ్య చూసుకో. అంతకంటే వెడల్పు నీకు అనవసరం. రిమ్ము వెడల్పయితే టైరూ సాగుతుంది. 28 మి.మీ. అని రాసిన టైరు అలాంటి రిమ్ము మీద 29, 30 కూడా కొలుస్తుంది. నీ బ్రేకు కింద అంత చోటు ఉందా? స్కేలు పెట్టి చూసి నాకు చెప్పు. హుక్‌లెస్ (టైరు అంచుని పట్టే కొక్కెం లేని రిమ్ము) అని రాసి ఉంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకు, వదిలెయ్. వాటిలో గాలి 5 బార్, అంటే 72 పీఎస్‌ఐ దాటకూడదు, వాటికి సరిపోతుందని రాసిన టైరే వెయ్యాలి. నువ్వేమో 90 కొట్టించే అలవాటున్నవాడివి.

ఇక బరువు. నాలుగు వందల గ్రాములు తగ్గుతుందని నువ్వు తెగ సంబరపడుతున్నావు. నువ్వు, బండి, నీళ్ళ సీసాలు కలిపి 80 కిలోలు అనుకుందాం. అందులో 400 గ్రాములంటే అర శాతం. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా రెండు గంటలు ఎక్కుతావనుకో, నీకు మిగిలేది అర నిమిషం పైచిలుకు. తిరిగే బరువు రెట్టింపు లెక్క అంటారు కదా అని అడుగుతావు. అది వేగం పెంచేటప్పుడు కొంతవరకు నిజం. ఒకే తీరుగా ఎక్కుతున్నప్పుడు గ్రాము ఎక్కడున్నా గ్రామే. కాళ్ళకి తేలిగ్గా అనిపించడం వేరు, అదీ బావుంటుంది, కాదనను. కానీ దానికోసం ఇరవై వేలు పెట్టేవాడికి ఈ లెక్క తెలిసుండాలి.

బీచ్ రోడ్డులో భీమిలి వరకు తొక్కేవాడికి గాలి సంగతి ఇంకా ముఖ్యం. 50 మి.మీ. లోతు రిమ్ములు ఫోటోలో అందంగా ఉంటాయి, ఎదురుగాలిలో కొంత పనికొస్తాయి కూడా. కానీ సముద్రం వైపు నుంచి వచ్చే గాలి పక్కనుంచి కొడుతుంది. ముందు చక్రం లోతుగా ఉంటే ఆ గాలి తెరచాపని లాగినట్టు హ్యాండిల్‌ని లాగేస్తుంది. పక్కన బస్సు వెళ్తున్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నీకు 24 నుంచి 30 మి.మీ. లోతు చాలు.

రిమ్ బ్రేకుకి చవక కార్బన్ రిమ్ములు మాత్రం కొనకు. ఘాట్ దిగుతూ బ్రేకు పట్టుకుని ఉంటే రిమ్ము కాగిపోతుంది. నాసిరకం కార్బన్‌లో ఆ వేడికి జిగురు మెత్తబడి, టైరు అంచు దగ్గర రిమ్ము విచ్చుకుంటుంది. వానలో అల్యూమినియం పట్టినంత గట్టిగా బ్రేకు కూడా పట్టదు. విదేశం నుంచి నేరుగా తెప్పిస్తే కస్టమ్స్ సుంకం వేరే. వారంటీ కోసం తిప్పి పంపాలంటే కొరియర్ ఖర్చే కొండంత.

నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది స్పోకుల్నీ హబ్బునీ. కొన్ని బ్రాండెడ్ వీల్‌సెట్లకి వాళ్ళ సొంత స్పోకులే ఉంటాయి. ఒకటి తెగితే ఆ స్పోకు వచ్చేదాకా బండి మూల పడుంటుంది. అలాంటి సెట్లలో స్పోకులు తక్కువ కాబట్టి ఒక్కటి తెగినా రిమ్ము బ్రేకుకి రుద్దుకునేంత వంకరవుతుంది. తల దగ్గర వంపుండే మామూలు జె-బెండ్ స్పోకులైతే కొలత చెప్తే ఎక్కడైనా దొరుకుతాయి, బెండు తీసే మెకానిక్కూ దొరుకుతాడు. మీ ఊరి ఉప్పుగాలికి అల్యూమినియం నిపుల్స్, అంటే స్పోకు చివర బిగించే చిన్న నట్లు, బూజు పట్టినట్టు తెల్లబడి స్పోకుకి అతుక్కుపోతాయి. ఇత్తడివి అడిగి మరీ వేయించుకో. బరువు ముప్పై నలభై గ్రాములు పెరుగుతుంది, పెరగనీ.

హబ్బులో షిమానోవి విడి గోళీలు, వాటిని పట్టి ఉంచే కోన్‌ల రకం. ఏడాదికోసారి, వానాకాలం పోయాక, విప్పి గ్రీజు పెట్టిస్తే చాలా ఏళ్ళు వస్తాయి. నిర్లక్ష్యం చేస్తే గుంటలు పడతాయి, అప్పుడు హబ్బే మార్చాలి. గోళీలు లోపలే మూసి ఉండే కార్ట్రిడ్జ్ బేరింగులైతే నొక్కి తీసి కొత్తవి వేసుకోవడమే. వాటి మీద 6902 లాంటి నంబరు ఉంటుంది, అది చెప్తే మా రాణీగంజ్‌లో ఏ బేరింగుల షాపువాడైనా ఇస్తాడు. నీకు పని చేసుకునే ఓపిక తక్కువ కాబట్టి రెండో రకం మేలు. ఫ్రీహబ్ గట్టిగా గరగరమని మోగాలన్నావు చూడు, అది నీ వయసు. దాని గురించి నేను మాట్లాడను.

ఈ లెక్కన రెండు దారులున్నాయి. ఒకటి షిమానో ఆర్ఎస్100 లాంటి రెడీమేడ్ సెట్. గట్టిది, చవక, కానీ బరువు సుమారు 1.9 కిలోలు, నీ ఇప్పటి చక్రాల కంటే పెద్ద తేడా ఏమీ కనిపించదు. రెండోది, మంచి మెకానిక్ చేత కట్టించుకోవడం. 32 కన్నాల హబ్బులు, డీటీ స్విస్ ఆర్460 లాంటి రిమ్ములు, మధ్యలో సన్నబడే డబుల్ బటెడ్ స్పోకులు. ఇదీ 1.8 కిలోల చుట్టుపక్కలే తూగుతుంది. తేలిక కోసం కాదు, పదేళ్ళ తర్వాత కూడా ఏ ముక్క పోతే ఆ ముక్కే మార్చుకోవచ్చని చెప్తున్నాను. నాకైతే రెండోదే నచ్చుతుంది. కాకపోతే కట్టేవాడు మొదటి రెండు వందల కిలోమీటర్లయ్యాక మళ్ళీ బిగువు చూసి ఇస్తానని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇంకొకడిని వెతుక్కో.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బ్రేకు పట్టే పక్క గోడ మీద స్కేలు అంచు ఆనించి చూడు. లోపలికి గుంట పడి ఉంటే అరిగిపోయింది, వదిలెయ్. స్పోకు కన్నాల చుట్టూ వెంట్రుకంత పగుళ్ళు ఉన్నా అంతే. ఒకే పక్క స్పోకుల్ని వేలితో మీటితే శబ్దం దాదాపు ఒకేలా రావాలి.

వీటన్నిటికంటే ముందు టైర్లు మార్చు. బండితో వచ్చిన ఆ గట్టి వైరు టైర్లు (అంచులో తీగ ఉండేవి) తీసేసి, బ్రేకు కింద పట్టినంత వరకు వెడల్పైన మంచి ఫోల్డింగ్ (మడత పడే) టైర్లు, పల్చటి ట్యూబులు వేయించు. దొర్లడంలో ఎక్కువ తేడా అక్కడే తెలుస్తుంది, చక్రాలు మార్చినా అవే టైర్లు వాడుకోవచ్చు. ఒక నెల తొక్కాక కూడా చక్రాలు కావాలనిపిస్తే అప్పుడు కొందాం. మీ నాన్నకి నేను చెప్తాలే, ఇందులో సగం నేనే ఇస్తానని.

ఈ ఆదివారం వెనక చక్రం ఊడదీసి మూడు ఫోటోలు పంపు: క్యాసెట్ పక్క నుంచి ఒకటి, రిమ్ము మీద రాసిన అంకెలు ఒకటి, బ్రేకుకీ టైరుకీ మధ్య సందు ఒకటి. అవి చూసేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

ఇట్లు,
మీ బాబాయ్, సికింద్రాబాద్