కాలిఫోర్నియాలో మొదటి డీయూఐకి (తాగి బండి నడిపిన కేసుకి) జైలు లేకుండా ప్రొబేషన్ ఇచ్చారు, అంటే కోర్టు షరతుల మీద బయట ఉండనిచ్చారు. ఇక గండం గడిచినట్టేనా?

గడవలేదండీ. మీరు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నామంటున్నారు, డిసెంబరులో చెల్లెలి పెళ్లికి విజయవాడ వెళ్లాలంటున్నారు, ఫైన్ కట్టేశాం కాబట్టి అయిపోయిందనుకుంటున్నారు. "ట్రాఫిక్ టికెట్ లాంటిదే, కంగారు పడకు" అని వాట్సాప్ గ్రూపుల్లో ధైర్యం చెప్పేవాళ్ల మాట దయచేసి నమ్మకండి. ఇది క్రిమినల్ కేసు. ఆ సలహా వల్ల మునిగేది మీరు, చెప్పినవాడు కాదు.

ప్రొబేషన్ ఇచ్చారంటే జైలు రద్దయిందని కాదు, జడ్జి దాన్ని చేతిలో అట్టే పెట్టుకున్నాడని. మొదటి డీయూఐకి గరిష్ఠం ఆరు నెలలు. ప్రొబేషన్ మాత్రం 3 నుంచి 5 ఏళ్లు. 2021 నుంచి చాలా చిన్న నేరాలకు ప్రొబేషన్ ఏడాదికి మించకూడదన్న చట్టం వచ్చింది కానీ, డీయూఐకి అది వర్తించదు. "మా ఫ్రెండుకి ఏడాదితో వదిలేశారు" అంటే అతని కేసు వేరే నేరానిది అయ్యుండాలి. మొదటిసారి వాళ్లకి మామూలుగా ప్రొబేషన్ ఆఫీసరు ఉండడు, నేరుగా కోర్టుకే జవాబుదారీ. అడిగేవాడు లేడు కదా అని చాలామంది షరతులే మర్చిపోతారు.

ఆ షరతుల్లో అసలైనది 0.01, అంటే రక్తంలో ఆల్కహాల్ శాతం. మిగతావాళ్లకి 0.08 దాకా ఉన్న హద్దు, మీకు ప్రొబేషన్ అయ్యేదాకా 0.01. ఒక్క బీరు తాగి స్టీరింగ్ పట్టినా దాటేస్తారు. పోలీసు పరీక్షకి ఊదమంటే కాదనే వీలు కూడా లేదు. దొరికితే లైసెన్సు ఏడాది పోతుంది, పాత జైలు శిక్ష మళ్లీ బల్ల మీదికొస్తుంది. అప్పుడు జ్యూరీ ఉండదు, కొత్త కేసులో కావలసినంత గట్టి రుజువూ అక్కర్లేదు.

ఫైను కాగితం మీద 390 డాలర్ల నుంచి మొదలవుతుంది, దాని మీద అసెస్‌మెంట్లు (అదనపు రుసుములు) కలిసి రెండు వేలకు అటూ ఇటూ తేలుతుంది. మద్యం గురించిన డీయూఐ క్లాసులు మూడు నెలలు, 30 గంటలు, రీడింగు 0.20 ఆపైన ఉంటే తొమ్మిది నెలలు. మీకు ఇన్సూరెన్సు ఉందని కంపెనీ ఇచ్చే ఎస్‌ఆర్-22 పత్రం మూడేళ్లు ఉండాలి. ఒక వాయిదా తప్పి పాలసీ ఆగిందా, కంపెనీయే లైసెన్సులిచ్చే డీఎంవీకి చెబుతుంది, లైసెన్సు మళ్లీ ఆగుతుంది. ఆగిన లైసెన్సుతో బండి తీస్తే అదీ ప్రొబేషన్ ఉల్లంఘనే.

ఇప్పుడు పెళ్లి సంగతి. అరెస్టు సమాచారం అందితే, శిక్ష పడకపోయినా సరే, పాస్‌పోర్టులోని వీసాను అమెరికా విదేశాంగ శాఖ రద్దు చేయగలదు. 2015 నుంచి ఇదే పద్ధతి. ఒక ఈమెయిల్ వస్తుంది, అది చాలాసార్లు స్పామ్‌లో పడి ఉంటుంది. అమెరికాలో ఉన్నంతకాలం ఐ-94 (దేశంలో ఉండేందుకు ఇచ్చిన అనుమతి రికార్డు) మీద ఉద్యోగం సాగుతుంది కాబట్టి ఏమీ కానట్టే ఉంటుంది. దేశం దాటితేనే తెలుస్తుంది. కొత్త వీసాకి డీఎస్-160 దరఖాస్తులో అరెస్టు ప్రశ్నకి అవునని రాయాలి, ఆపైన హైదరాబాద్ కాన్సులేట్ తాను గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గరికి పంపుతుంది. మద్యం వ్యసనమని ఆయన తేలిస్తే ఏడాది పాటు మానేసినట్టు చూపమనొచ్చు. ఈలోగా ఇక్కడ అమెరికాలో క్లాసులు తప్పుతాయి. ముందే రాతపూర్వకంగా సెలవు తీసుకోకపోతే ప్రోగ్రాం నుంచి తీసేసి కోర్టుకు తెలియజేస్తారు, కోర్టు వారంటు ఇస్తుంది. మూడు రోజుల పెళ్లికి వెళ్లినవాడికి ఉద్యోగమూ పోయి, ఇక్కడ వారంటూ మిగులుతుంది. ఇంట్లో చెప్పలేక టికెట్ కొనేసేవాళ్లకే ఇది ఎక్కువగా జరుగుతుంది. అమ్మానాన్నలకి నిజం చెప్పడం కష్టమే, కానీ దీనికంటే కాదు.

ప్రొబేషన్ పూర్తయ్యాక పీనల్ కోడ్ 1203.4 కింద కేసు కొట్టేయించుకోవచ్చు. అయినా పదేళ్లలోపు మళ్లీ దొరికితే అది రెండో డీయూఐగానే లెక్క, ఇమ్మిగ్రేషన్ వాళ్లకీ అది కనిపిస్తూనే ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఇంకో మెలిక: ప్రొబేషన్ నడుస్తుండగా పౌరసత్వ దరఖాస్తును ఆమోదించరు. షరతులన్నీ తీరాయనిపిస్తే పీనల్ కోడ్ 1203.3 కింద ప్రొబేషన్ ముందుగా ముగించమని జడ్జిని అడగండి.

టికెట్ కొనేముందు మీ క్రిమినల్ లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరునీ కలవండి, ఒకరికి తెలిసింది రెండోవారికి తెలియదు. కోర్టు సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా తేలిందో చెప్పే ధ్రువపత్రం), పోలీసు రిపోర్టు, ఫైన్ రసీదు, క్లాసులు పూర్తయిన సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. క్లాసులు ఇంకా మిగిలుంటే ఈ డిసెంబరు ప్రయాణం మానుకోండి.