పంటి నొప్పికి బిళ్లలను రంగు చూసి మింగుతున్నారా?

ప్రశ్న: మా అమ్మ వయసు 54. గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి వెళ్తారు. చదువు రాదు, షుగర్ ఉంది. ఎడమవైపు కింది దవడ పన్ను రెండు నెలలుగా నొప్పిగా ఉంటే మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటున్నారు. బిళ్లల మీది అంకెలైనా తెలుస్తాయని రాత్రి బడిలో చేర్పించాలనుకుంటున్నాను. ఈ వయసులో వస్తాయా? పళ్లకు ఏ పేస్టు మంచిది? బుగ్గ లోపల నెల రోజులుగా చిన్న పుండు కూడా ఉంది, కారం తగిలితే మంట అంటున్నారు. – ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీరు చివర్లో రాసిన పుండు గురించే నేను ముందుగా చెప్పాలి. నోటిలో పుండు రెండు మూడు వారాలు దాటినా మానకపోతే దానిని దంత వైద్యులకు చూపించి తీరాలి. అరిగి పదునెక్కిన పన్ను ఒరుసుకోవడం వల్ల కావచ్చు, షుగర్ అదుపులో లేక మానకపోవడం కావచ్చు, అంతకంటే తీవ్రమైనదీ కావచ్చు. నోరు చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేను. అమ్మగారికి పొగాకు, జర్దా, వక్కపొడి నమిలే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. నోరు తెరిచినప్పుడు ఆమె చేతి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టకపోతే ఆ సంగతి కూడా వైద్యులకు చెప్పండి.

ఇక బిళ్లలు. ఇటీవల మా దగ్గరకు వచ్చిన ఒక పెద్దామె కొంగు ముడి విప్పి, కత్తెరతో ముక్కలు చేసిన నాలుగు స్ట్రిప్పులు బల్ల మీద పెట్టారు. తెల్లది పొద్దున, పసుపుది రాత్రి, మరీ నొప్పిగా ఉంటే రెండో తెల్లది అని వివరించారు. ఏ ముక్క మీదా మందు పేరు పూర్తిగా లేదు, గడువు తేదీ అసలే లేదు. పీజీ చదివిన ఆమె కుమారుడు కూడా వాటిని చదవలేకపోయారు. కాబట్టి తప్పంతా అమ్మగారి నిరక్షరాస్యత మీదకు నెట్టవద్దని, చదువుకున్న మీరు ఈ రెండు నెలలూ ఒక్క స్ట్రిప్పు కూడా తిప్పి చూడకపోవడం నాకు బాధ కలిగించిందని చెప్పక తప్పదు.

నొప్పి బిళ్లలుగా అమ్మే అనేక మందుల్లో అసిక్లోఫెనాక్‌తో పాటు 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కూడా ఉంటుంది. దానికి తోడు ఒళ్లు నొప్పులకని 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ విడిగా వేసుకుంటే, రెండు వేర్వేరు మందులనుకుని ఒకే మందును రెండుసార్లు మింగినట్లవుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు కూడా పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములే గరిష్ఠ పరిమితి, అది దాటితే కాలేయానికి ప్రమాదం. అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ వంటివి వారాల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. షుగర్ ఉన్నవారికి ఆ ముప్పు మరింత ఎక్కువ. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత కనిపిస్తే డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు అని అర్థం. అది చదువు రాని వారికి కూడా కనిపించే గుర్తు, ఈ రోజే అమ్మగారికి చూపించండి. యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకుని నొప్పి తగ్గగానే ఆపేస్తుంటారు. పంటి మూలంలో చీము ఉన్నప్పుడు రూట్ కెనాల్ చేయడమో, పన్ను తీసేయడమో జరగనిదే జబ్బు పోదు.

అంకెలు ఈ వయసులో తప్పకుండా వస్తాయి. యార్డులో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయో, తనకు ఎంత కూలి రావాలో నోటి లెక్కగా చెప్పగల మనిషికి లెక్క కొత్త కాదు, కాగితం మీది గుర్తు మాత్రమే కొత్త. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో మహిళల అక్షరాస్యత 59 శాతమే కనుక ఆమె ఒంటరి కూడా కాదు. 15 ఏళ్లు దాటిన వారికి అక్షరాలు, అంకెలు నేర్పే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉల్లాస్ 2022 నుంచి నడుస్తోంది. బడిలో చేర్పిస్తే, మొదటి పాఠంగా మందుల చీటీ మీది 1-0-1 నేర్పమని అడగండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని మా వైద్యులకు తెలుసు. ఆ మాట రోగికి చెప్పామా అన్నది మేమూ ఆలోచించుకోవలసిన విషయం. అంతవరకు మందు కవరు మీద సూర్యుడు, చంద్రుడు గీసి, ఎప్పుడు ఏది వేసుకోవాలో ఆమె చేతే తిరిగి చెప్పించండి.

ఈ వారంలోనే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) దంత విభాగానికో, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలకో తీసుకెళ్లండి. వాడిన బిళ్లలన్నీ, షుగర్ రిపోర్టు వెంట ఉంచుకోండి. దవడ కింద వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, మింగడం లేదా ఊపిరి కష్టమైనా వారం ఆగకుండా రాత్రయినా సరే అత్యవసర విభాగానికి వెళ్లాలి. నొప్పి ఉన్నచోట లవంగ నూనె పోసి బుగ్గ కాల్చుకోవద్దు.

పేస్టు ఫ్లోరైడ్ ఉన్నది ఏదైనా సరిపోతుంది. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో తోముకుంటే చాలు, బొగ్గు పొడి మాత్రం మాన్పించండి.

– దంత వైద్యులు, విజయవాడ