కప్పు కారుతోంది

ప్రశ్న: మేం బెంగళూరులో ఉంటాం. మొన్నటి వానలకు మా అమ్మ ఊరినుంచి ఫోన్ చేసి "ఇల్లంతా తడే, కప్పు కారుతోంది" అంది. పక్కనే ఉన్న మా మూడో తరగతివాడు "ఇంకో కప్పు తీసుకో అమ్మమ్మా!" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే ప్రశ్నలు. కప్పు, కారు అనే మాటలు ఇంగ్లీషువాళ్లు మన దగ్గర నేర్చుకున్నారా, మనమే వాళ్ల దగ్గర నేర్చుకున్నామా?
— ఒక తల్లి, బెంగళూరు

జవాబు: ముందు మీ అమ్మగారి సంగతి. పెంకుటిల్లయితే వాన తెరిపివ్వగానే పెంకులు సర్దించండమ్మా. దూలాలు తడిస్తే చాలా కష్టం.

మీవాడి ప్రశ్నకు జవాబు: రెండూ జరిగాయి, కానీ వాడు అనుకుంటున్నట్టు కాదు. ఇంటి కప్పు మనది. టీ కప్పు వాళ్లది. ఇంటి కప్పుకు క్రియ ఉంది: దుప్పటి కప్పు, మబ్బు కప్పింది, శాలువా కప్పారు, కప్పుకుని పడుకున్నాడు. టీ కప్పును అలా వాడి చూడమనండి, కుదరదు. బయటినుంచి వచ్చిన మాట ఎక్కువగా పేరుగానే ఉండిపోతుంది. లాటిన్‌లో 'కుప్పా' అన్న మాటే ఇంగ్లీషులో 'కప్' అయి, మన దగ్గరికొచ్చి కప్పు అయింది.

ఇక్కడే మన భాష చేసే పని ఒకటుంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగియాలి. అందుకని వచ్చినవాళ్లకు చివర ఒక ఉకారం తగిలిస్తాం. ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లును ఒత్తుతాం కూడా: బస్సు, పెన్ను, కప్పు. పొడుగుదైతే ఒత్తం: గేటు, బూటు, కారు. ఎవరూ నేర్పకుండానే మీ అమ్మగారూ, నేనూ, కూరగాయలమ్మే ఆవిడా అందరం ఇలాగే చేస్తాం. ఆ ఉకారం తొడుక్కోగానే కొత్త మాట అప్పటికే ఇంట్లో ఉన్న పాత మాటతో అచ్చు గుద్దినట్టు కలిసిపోతుంది.

కారు సంగతి ఇంకా బాగుంటుంది. కారుమబ్బు, కారుచీకటిలో కారు అంటే నలుపు. తమిళంలోనూ 'కార్' అంటే నలుపే, వానమబ్బే. కారుచిచ్చులో కారు అంటే అడవి. పెంకుల సందునుంచి కారేది మరొకటి. "వాళ్లు మనవాళ్లు కారు" అన్నది ఇంకొకటి. కళాకారుల్లో ఉన్నది సంస్కృతం, చేసేవారని. సర్కారులో ఉన్నది ఫారసీ. 'సర్' అంటే తల, 'కార్' అంటే పని. సంస్కృతం, ఫారసీ దూరపు చుట్టాలు కాబట్టి ఈ చివరి రెండూ ఒకే మూలానివి.

రోడ్డు మీద తిరిగే కారు వీటిలో దేనికీ చుట్టం కాదు. గాల్ ప్రాంతపు (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) కెల్టులనే పాత జాతివాళ్ల దగ్గర రోమన్లు నేర్చుకున్న బండి పేరు అది, లాటిన్‌లో 'కర్రుస్'. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. మీవాడికి ఇలా చెప్పండి: మన మాటలన్నీ ఏరి నిఘంటువు కట్టిన బ్రౌన్ దొర 1884లో పోయారు. బెంజ్ తన మోటారు బండికి పేటెంట్ తీసుకున్నది 1886లో. బ్రౌన్ గారి నిఘంటువులో కారు అనే మాట ఉంది, ఆయన మాత్రం ఆ కారు ఎక్కలేదు.

ఇంగ్లీషువాళ్లు నిజంగా మన దగ్గర తీసుకున్న మాట కావాలా? పందికొక్కు. దాన్ని వాళ్లు 'బాండికూట్' చేసుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో పిల్లల్ని సంచిలో పెట్టుకునే ఒక చిన్న జంతువుకూ ఆ పేరే పెట్టారు. అసలు చుట్టం ఇలా గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. చూడగానే గుర్తుపట్టేవాడు చాలాసార్లు పరాయివాడే.

ఒకటి మరిచాను. మీవాడు బడిలో కన్నడం చదువుతున్నాడా? కన్నడంలో కప్పు అంటే నలుపు. మన పాత కావ్యాల్లోనూ ఆ అర్థం ఉంది. వాడి దగ్గర ఇప్పుడు మూడు కప్పులున్నాయి.

ప్రశ్న: నాన్నగారు పోయాక ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలు దొరికాయి. ప్రతి ఉత్తరం మొదట్లో "మీ జాబు అందినది" అని ఉంది. మా పాప "తాతయ్యకి అన్ని జాబులు వచ్చాయా?" అంది.
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ ఉత్తరాలు తడి తగలకుండా దాచండి బాబూ, ఇన్లాండు కవర్లయితే మడతల దగ్గర చిరిగిపోతాయి.

జాబు అంటే ఉత్తరం. జవాబు అన్నదే కుదించుకుపోయి జాబు అయింది. అరబ్బీ మాట, ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. ఉద్యోగం అనే జాబు ఇంగ్లీషుది. మా అమ్మ "వెళ్లగానే జాబు రాయి" అంటూ బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకునే ఉండేది. అందుకే ఈ మాట నాకు ప్రాణం.

ఈ మాట దగ్గర నేను చేసిన పొరపాటొకటి ఉంది. విజయవాడలో ఒక ప్రెస్సులో చాలా ఏళ్లు ప్రూఫులు దిద్దాను. ఒక పెద్దాయన తన భార్యకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వేస్తున్నాం. కంపోజింగ్ కుర్రాడు 'జాబు' తప్పనుకుని పుస్తకమంతా ఒక్క దెబ్బలో 'జాబ్' అని మార్చేశాడు. చివరి ప్రూఫు నేను తొందరలో చూశాను. "నీ జాబ్ అందలేదు, మనసు బాగాలేదు" అని పదహారు పేజీల ఫారం అచ్చయిపోయింది. పెద్దాయన ఆ కాగితాన్ని చేత్తో నిమురుతూ "ఆవిడ ఉద్యోగం చెయ్యలేదమ్మా" అన్నారు, అంతే. ఆ ఫారం మళ్లీ వేయించాం. ఆ కుర్రాణ్ని తప్పు పట్టలేను, వాడి వయసువాళ్లు ఎవరికీ జాబు రాసి ఉండరు. చూడాల్సినదాన్ని నేను.

మీ పాపకు ఒక ఉత్తరం తీసి పూర్తిగా చదివి వినిపించండి.

ప్రశ్న: బద్మాష్‌లోని 'బద్', ఇంగ్లీషు 'బ్యాడ్' ఒకటేనా?
— డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: కాదు. ఫారసీ 'బద్' అంటే చెడు, అరబ్బీ 'మఆష్' అంటే బతుకుతెరువు. చెడ్డ దారిన బతికేవాడు బద్మాష్. ఇంగ్లీషు మాట వేరే దారిలో పుట్టింది. అర్థం, ధ్వని రెండూ కలిసినా చుట్టరికం లేదు. ఇలాంటివి అరుదు, కానీ ఉన్నాయి.

ప్రశ్న: దుర్యోధనుడి 'ఊరుభంగం' అంటే హస్తినాపురం నాశనమని మా వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది తొడ విరగడం తల్లీ, ఊరు పాడవడం కాదు. సంస్కృతంలో ఊరువు అంటే తొడ. భీముడు గదతో కొట్టింది అక్కడే. మీ గుంటూరులో, నెల్లూరులో, తమిళుల తంజావూరులో ఉన్న ఊరు ద్రావిడ మాట.

మూడో ఊరు కూడా ఉంది: నోరూరు, ఊట ఊరు, ఊరగాయ. దీన్ని ఒకప్పుడు బండి 'ఱ'తో 'ఊఱు' అని రాసేవారు, గ్రామాన్ని మామూలు 'ర'తో. తమిళులు ఇప్పటికీ ఆ రెండూ విడిగానే రాస్తారు. మనం ఱ వదిలేశాక రెండూ ఒకేలా కనబడుతున్నాయి. మా అమ్మమ్మ ఆవకాయ జాడీ మూత తీసి, మూడో రోజు తిరగకలుపుతూ "ఇంకా ఊఱలేదు" అనేది. ఆవిడ నోట్లో ఆ ఱ గట్టిగా పలికేది, నాకిప్పటికీ వినబడుతుంది.